కాక సంతకం లేని రోజులు

పటాన్‌చెరు పారిశ్రామిక వాడలో ఆ రోజుల్లో చాలా ఫ్యాక్టరీల గేట్ల మీద ‘ఖాళీలు లేవు’ అని రాసి ఉండేది. రాసింది సుద్దముక్కతో కాదు, ఆయిల్ పెయింటుతో. ఈ తేడాను నేను అప్పుడే నా పుస్తకంలో రాసుకున్నాను. సుద్దముక్కతో రాసినవాడికి, రేపు ఒక ఖాళీ రావచ్చు, అప్పుడు చెరిపేద్దాం అన్న ఆలోచన కొంతైనా ఉంటుంది. ఆయిల్ పెయింటుతో రాయించినవాడు, అందునా రెండేళ్ళకోసారి దానికి కొత్త రంగు వేయించేవాడు, తన గేటు ముందు నిలబడే మనుషుల గురించి ఒక శాశ్వతమైన అభిప్రాయానికి వచ్చేశాడన్న మాట. ఇన్నేళ్ళు గడిచినా ఆ రంగును తలచుకుంటే నాకు కోపమే వస్తుంది.

సంగారెడ్డిలో డిగ్రీ, రసాయన శాస్త్రం ప్రధానంగా, రెండో శ్రేణిలో పూర్తి చేసి ఇంటికి వచ్చిన మరుసటి ఏడాది అది. ఎనభైల మధ్యకాలం. మా ఊరు ఇంద్రేశం దాటి లోపలికి ఉంటుంది. చుట్టూ ఎటు చూసినా పొగగొట్టాలు లేస్తున్నాయి, రసాయన శాస్త్రం చదివినవాడికి పని దొరకకపోవడమేమిటని అందరూ అనేవారు. నేనూ అనుకున్నాను. పొద్దున ఇంటి పని కాగానే సైకిలెక్కి, ఒక్కో రోజు ఒక్కో వరుస గేట్లు ఎంచుకుని తిరిగేవాణ్ణి. ప్రతి గేటు దగ్గరా ఏ తేదీన, ఎన్ని గంటలకు వెళ్ళాను, ఎవరితో మాట్లాడాను, వారేమన్నారు, మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు అన్నవి గళ్ళు గీసి రాసుకునేవాణ్ణి. ఆ పేజీలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. ఇరవై మూడు గేట్లు. అందులో పంతొమ్మిది చోట్ల ‘వారేమన్నారు’ అన్న గడిలో ఒకే మాట ఉంది: అనుభవం.

ఆ మాట మీద నాకున్న అభ్యంతరాన్ని ఇక్కడ నమోదు చేయక తప్పదు. పని ఎప్పుడూ చేయనివాడు మొదటిసారి ఎక్కడో ఒకచోట చేయాలి. ఆ మొదటిచోటు తమది కాకూడదని పంతొమ్మిది మంది యజమానులూ ఒకరికొకరు తెలియకుండానే నిశ్చయించుకున్నారు. అప్పుడు ఆ మొదటిచోటు ఏ దేశంలో ఉంటుంది? ఒక గేటు దగ్గర ఈ ప్రశ్న అడిగాను కూడా. అక్కడి కాపలాదారు నన్ను జాలిగా చూసి, గట్ల అడిగెటోళ్ళను లోపలికి అసలే రానియ్యరని చెప్పి, తాగమని మంచినీళ్ళిచ్చాడు. నీళ్ళిచ్చిన సంగతి కూడా రాసుకున్నాను.

నా వెనుక ఒక గడువు ఉంది. మా మేనమామకు జోగిపేటలో కిరాణా దుకాణం. దసరా లోపల నాకు నౌకరీ దొరక్కపోతే ఆ దుకాణంలో కూర్చోవాలని నాయన, మామ మాట్లాడుకుని ఖాయం చేశారు. దుకాణం పని చిన్నదని నేననడం లేదు. కానీ అక్కడ కూర్చున్నవాడు మళ్ళీ లేవడని నాకు తెలుసు. మామ కూడా ఒక్క ఏడాదికని కూర్చున్నవాడే. ఇంటర్ రసాయన శాస్త్రం పుస్తకం ఆయన గల్లాపెట్టె కింద ఎత్తు కోసం పెట్టి ఉండేది. ఒకసారి దాన్ని చూశాను, ఇక మరచిపోలేకపోయాను.

నేను గేట్ల వివరాలు రాసుకున్న పుస్తకం కొత్తది కాదు. అది మా బావి పుస్తకం. దాన్ని తిరగేసి, వెనుక నుంచి మొదలుపెట్టి, గేట్లు రాశాను. ముందు వైపు ఏముందో చెబితేగాని తర్వాత జరిగింది అర్థం కాదు.

మా నాయనకు ఒక్కడే తమ్ముడు. మేము కాక అనేవాళ్ళం. భూమి పంచుకున్నప్పుడు మడులు పంచుకోగలిగారు గాని బావిని పంచుకోలేకపోయారు. ఒకే బావి, ఒకే మోటారు. కరెంటు ఒక వారం పొద్దున, ఒక వారం మధ్యాహ్నం, రోజుకు ఆరేడు గంటలు వచ్చేది. వచ్చిన దగ్గర నుంచి మూడు గంటలు ఒకరి వంతు, తర్వాతిది ఇంకొకరి వంతు. మరునాడు వరుస తిరగబడుతుంది. వినడానికి ఇంతే. కానీ ఈ మూడు గంటల మీద అన్నదమ్ములిద్దరూ గట్టు మీద నిలబడి పెట్టుకున్న పంచాయితీలకు లెక్క లేదు. నేను పదో తరగతిలో ఉండగా నాయన నాకొక లావుపాటి పుస్తకం, తన చేతి గడియారం ఇచ్చి, ఇకనుంచి అన్నీ రాయమన్నాడు. నాయనకు చదువు రాదు, కానీ రాత మీద ఆయనకున్న నమ్మకం అంతా ఇంతా కాదు.

నేను రాశాను. తేదీ, కరెంటు వచ్చిన సమయం, ఎవరి వంతు, వంతు మొదలైన సమయం, ముగిసిన సమయం. చివర రెండు గళ్ళు: ఒకటి నాయన వేలిముద్రకు, ఒకటి కాక సంతకానికి. ఫ్యూజు కాలిన రోజు ఫ్యూజు కాలిందని రాశాను. నేను ఊళ్ళో లేని రోజు ‘చూడలేదు’ అని రాసి గళ్ళు ఖాళీగా వదిలాను. సంగారెడ్డిలో చదువుకున్న మూడేళ్ళూ బస్సులో వచ్చిపోతూ కూడా, పొద్దున వంతులు చూసిన తర్వాతే పోయేవాణ్ణి. ఆరున్నరేళ్ళ బావి లెక్క అది.

కాక పని గడ్డపోతారంలోని ఒక మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా. ఎక్కువగా రాత్రి షిఫ్టు చేసేవాడు, పగలు వ్యవసాయం చూసుకునేవాడు. ఆయన మొదటి వంతు ఉన్న రోజుల్లో మూడు గంటలు ముగిసినా నీళ్ళు మా వైపు మళ్ళించేవాడు కాదు. అరగంట, ముప్పావు గంట అలాగే పారనిచ్చేవాడు. నేను గట్టు మీద గడియారం చూపించి నిలబడితే, ఆయన ఆకాశం చూసేవాడు. రాసింది చూపించి సంతకం పెట్టమంటే, పోరడు గడియారం ముందుకు తిప్పుకుంటడని నవ్వి వెళ్ళిపోయేవాడు. అలాంటి రోజుల్లో ఆయన గడిలో నేను ‘కాక ఒప్పుకోలేదు’ అని రాసేవాణ్ణి. ఒకసారి సంగతి ఊరి పెద్దల దాకా వెళ్ళింది. పెద్దలు నా పుస్తకం అటూ ఇటూ తిప్పి, చిన్నపోరని రాత పట్టుకుని అన్నదమ్ములు కొట్లాడుకుంటరా అని ఇద్దరినీ తిట్టి పంపారు. నా రాతకు జరిగిన మొదటి అవమానం అది. కాక మీద ఆ కోపం నాలో చాలా కాలం ఉంది.

అయితే ఆయన మనిషి ఎలాంటివాడో కూడా రాయాలి. నేను డిగ్రీ పరీక్షలు రాసిన రోజుల్లో బస్సులు బందయితే, రెండు పూటలా ఆయనే సైకిలు మీద సంగారెడ్డికి తీసుకెళ్ళాడు. దారిలో ఏమీ మాట్లాడలేదు, నేను చదువుకుంటున్నానని. దిగాక మాత్రం, ‘మంచిగ రాయి, బావికాడ రాసినట్టు రాయకు’ అన్నాడు.

వానాకాలం సగం దాటింది. ఇరవై మూడు గేట్లూ అయిపోయాయి. ఒకరోజు కాక డ్యూటీ నుంచి నేరుగా మా ఇంటికి వచ్చి, టోపీ తీసి, దాని లోపలి పట్టీలో నుంచి మడత పెట్టిన కాగితం ఒకటి బయటికి లాగాడు. పటాన్‌చెరులో రంగుల్లో కలిపే ద్రావకం తయారుచేసే ఒక చిన్న రేకుల షెడ్డు యజమాని ఆయనకు తెలుసు. ఆ షెడ్డు పేరుతో, ముద్రతో ఉన్న ఆ కాగితంలో, నేను అక్కడ పది నెలలు, పొద్దున ఎనిమిదికి మొదలయ్యే పగటి షిఫ్టులో సహాయ కెమిస్టుగా పని చేశానని, నా నడవడి సంతృప్తికరమని ఉంది. ఆ షెడ్డును నేను దారిలో పోతూ చూశాను తప్ప దాని గడప తొక్కలేదు.

తన ఫ్యాక్టరీలో రియాక్టర్ల, అంటే మందు సరుకును వేడిచేసి కలిపే పెద్ద పాత్రల, విభాగానికి ఒక మనిషి కావాలని, ఇంకా బయట ఎవరికీ తెలియదని, అనుభవం కాగితం ఒక్కటి ఉంటే చాలని గుమాస్తా చెప్పాడని కాక చెప్పాడు. ఆ కాగితం కోసం ఆ యజమాని ముందు నాలుగుసార్లు నిలబడ్డానని మాత్రం చెప్పలేదు. అది నాకు చాలా తర్వాత చిన్నమ్మ ద్వారా తెలిసింది.

నేను మండిపడ్డాను. బావి దగ్గర అబద్ధం, ఇప్పుడు నా నౌకరీలో కూడా అబద్ధమా అన్నాను. మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మా అమ్మ నా బట్టలు ఉతికి మడత పెట్టింది, జోగిపేటకు పోయే సంచిలోకా, గడ్డపోతారం పోయేటప్పుడు తొడుక్కోవడానికా అన్నది నన్నే తేల్చుకోమన్నట్టు. నాలుగో రోజు పొద్దున ఆ కాగితాన్ని నేనే తీసి, సాపు చేసి, డిగ్రీ పత్రాల కింద ఫైలులో పెట్టాను. ఎవరూ బలవంతం చేయలేదు. ఈ వాక్యం రాయకుండా కాక తప్పును మాత్రమే రాస్తే నా పుస్తకాలన్నీ దండగ.

ఇంటర్వ్యూ రోజున కాక తన షిఫ్టు మార్చుకుని పొద్దున డ్యూటీకి వచ్చాడు. సుల్తాన్‌పూర్ మీదుగా బురద బాటలో సైకిలు తొక్కుకుంటూ నేను గేటు చేరేసరికి, ఆయన నన్ను ఎన్నడూ చూడనట్టు ముఖం పెట్టి, సందర్శకుల రిజిస్టరు ముందుకు తోశాడు. నేను పేరు, ఊరు, వచ్చిన సమయం రాశాను. ఆయన ఆ సమయం తన గడియారంతో సరిచూసి, రెండు నిమిషాలు తక్కువ రాశావన్నట్టు కనుబొమ్మలెత్తాడు. అంత గండంలోనూ ఆయనకు ఆ వేళాకోళం తోచింది.

నన్ను పిలిచింది ఉత్పత్తి విభాగం మేనేజరు. కోస్తా వైపు నుంచి వచ్చిన పెద్దమనిషి, యాభై దాటి ఉంటాయి, ద్రావకాల వాసన ఆయన చొక్కాకే కాదు, ముందున్న కాగితాలకూ పట్టుకుని ఉంది. పాఠానికి సంబంధించి ఐదారు ప్రశ్నలడిగారు. చెప్పాను. తర్వాత ఆ కాగితం తీసి చదివి, చాలా మామూలుగా, ఈ షెడ్డులో ఏ తేదీన చేరారని అడిగారు.

అక్కడే నేను, నాలాంటివాడు మాత్రమే చేయగలిగిన పొరపాటు చేశాను. ఏ తేదీ చెప్పాలన్నా పుస్తకం చూడకుండా చెప్పడం నాకు అప్పటికీ ఇప్పటికీ అలవాటు లేదు. కాక ఆ కాగితం తెచ్చిన రోజున అందులోని తేదీలను కూడా వెనుక పేజీల్లో ఎక్కించి పెట్టుకున్నాను. సంచిలో నుంచి బావి పుస్తకం తీసి, వెనుక వైపు తిప్పి, తేదీ వెతికి చదివాను. ఆయన చెయ్యి చాపారు. ఇవ్వక తప్పలేదు.

గేట్ల పేజీలు చూశారు. ఆయిల్ పెయింటు గురించి నేను రాసుకున్న దగ్గర ఆగి, పెదవి బిగించారు. నవ్వు ఆపుకున్నారో, నొచ్చుకున్నారో తెలియలేదు. తర్వాత పుస్తకాన్ని తిరగేసి ముందు వైపు తెరిచారు. చాలాసేపు చదివారు. ఒక వేలు కాగితం మీద, ఒక వేలు పుస్తకం మీద పెట్టి, రెండింటినీ పోల్చుకుంటూ పేజీలు తిప్పారు.

“ఈ పది నెలలూ పొద్దున ఎనిమిదికి మీరు పటాన్‌చెరు షెడ్డులో ఉన్నారు,” అన్నారు ఆయన. “కరెంటు పొద్దున వచ్చిన వారాల్లో అదే ఎనిమిదికి మీ బావి దగ్గర కూడా ఉన్నారు. రోజూ. ఈ రెండింట్లో ఒకటి అబద్ధం. ఏది?”

“కాయితం, సార్,” అన్నాను.

అది ఎవరు తెచ్చారని అడిగారు. నేను నోరు విప్పలేదు. తెచ్చినవాడు వంద గజాల దూరంలో, ఆయన గేటు దగ్గరే కాపలా కాస్తున్నాడు. ఆ పేరు చెబితే నా నౌకరీతోపాటు ఆయనదీ పోతుంది. ఆయనకు ఇద్దరు పిల్లలు. బావి దగ్గర ఎన్ని కోపాలున్నా ఆ మాట నా నోట రాదు.

మేనేజరు రెట్టించలేదు. మళ్ళీ పుస్తకం తీశారు. తన దగ్గర కూడా ఇలాంటి పుస్తకాలున్నాయని, ప్రతి అరగంటకూ రియాక్టరు వేడి చూసి రాయవలసినవాళ్ళు షిఫ్టు చివర ఒకేచోట కూర్చుని, ఒకే కలంతో ఎనిమిది గంటలవీ నింపేస్తారని, ఆ అంకెలు ముత్యాల్లా ఉంటాయని, వాటిలో ఒక్కటీ నిజం కాదని చెప్పారు. ఈ బావి పుస్తకం మాత్రం అలాంటిది కాదని ఎలా నమ్మాలన్నారు. ఇందులో ‘కాక ఒప్పుకోలేదు’ అని ఇన్నిచోట్ల ఉంది. రాసినదాన్ని పక్కమనిషే ఒప్పుకోకపోతే మేమెలా ఒప్పుకోవాలి, అసలు ఈ కాక ఎవరు అని అడిగారు.

“నేనే, సార్.”

కాక తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో సందర్శకుల రిజిస్టరు ఉంది, మేనేజరు సంతకం కోసమన్న మిషతో ఎంతసేపటి నుంచి వరండాలో ఉన్నాడో తెలియదు. లోపలికి వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

“గా కాయితం నేనే తెచ్చిన, సార్. పోరడు వద్దన్నడు. మూడు దినాలు నాతోని మాట్లాడలె. నన్ను ఏమన్న అనుండ్రి, వాణ్ణి అనకుండ్రి. వాడు మా అన్న కొడుకు.”

మేనేజరు బావి పుస్తకాన్ని ఆయన వైపు తిప్పి, ఇందులో రాసింది నిజమా, అబద్ధమా అని అడిగారు.

కాక పుస్తకం వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. ఊరి పెద్దల ముందు, అన్న ముందు, భార్య ముందు, ఆరున్నరేళ్ళు ఆయన ఒకే మాట మీద నిలబడ్డాడు, పోరడు తప్పు రాసిండని. ఇప్పుడు కూడా ఆ మాటే అంటే ఎవరూ కాదనలేరు. కానీ అంటే నా పుస్తకం అబద్ధమవుతుంది, నా దగ్గర ఇంకేమీ మిగలదు. అనకపోతే, తన పై అధికారి ముందు ఆయన తన అన్న నీళ్ళు వాడుకున్నవాడవుతాడు.

“నిజమే, సార్,” అన్నాడు. “గడియారం ముల్లు గూడ తప్పు పోలె. వాడు రాసినన్ని దినాలు నేను ఎక్కువనే పారిచ్చుకున్న.”

నేను తల దించుకున్నాను. ఎన్నో ఏళ్ళుగా వినాలనుకున్న మాట అది. వినగానే సంతోషం కలుగుతుందనుకున్నాను. కలగలేదు.

“జెర ఒక్క మాట చెప్పాలె, సార్,” కాక టోపీని చేతులు మార్చుకున్నాడు. “వాడు వంతు షురువైన టైం రాసిండు, అయిపోయిన టైం రాసిండు. నా మడిల నీళ్ళు పడ్డ టైం ఒక్కనాడన్న రాయలె. మాది కాలువ కొసకు, సార్. బావికాడ మోటరేస్తే వాళ్ళ మడి పక్కనే. మా కాడికి నీళ్ళు ఒచ్చేవరకు నేల తాగినంత తాగి, ఎండ తాగినంత తాగి, మిగిలిందే మాకు. గది ఏ గడిల రాస్తడు? గడే లేకపాయె. అందుకే నేను దస్కతు పెట్టలె.”

మేనేజరు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. నా వైపు తిరిగి, విన్నారా అని అడిగారు. విన్నానన్నాను. అప్పుడు ఆయన చెప్పింది నేను ఆ సాయంత్రమే ఉన్నదున్నట్టు రాసి పెట్టుకున్నాను:

“మా దగ్గర ఆవిరి వాల్వు తిప్పిన సమయం అందరూ రాస్తారు. ఆ వేడి లోపలి సరుకుకు చేరిన సమయం ఎవరూ రాయరు. రెండింటికీ మధ్య తేడా ఉంటుంది. ఎన్నో బ్యాచులు అక్కడే పాడవుతున్నాయి. మీరు రెండూ రాయగలరా?”

రాయగలనన్నాను.

సహాయ కెమిస్టుగా కాదు. రియాక్టర్ల దగ్గర రీడింగులు తీసి రాసే పని. దినకూలీ కాదు, కంపెనీ హాజరు పట్టీలో పేరు, ఆరు నెలలు పనితనం చూసి ఖాయం చేస్తారు. సోమవారం రమ్మన్నారు. ఆ దొంగ కాగితాన్ని మడతపెట్టి కాక చేతికిచ్చి, ఇచ్చినవారికే తిరిగి ఇచ్చేయమని, ఇంకోసారి ఇలాంటిది తన బల్ల మీదికి వస్తే గేటు దగ్గర వేరే మనిషి ఉంటాడని చెప్పారు. కాక దాన్ని మళ్ళీ టోపీ పట్టీలోనే పెట్టుకున్నాడు. తర్వాత సందర్శకుల రిజిస్టరు ముందుకు జరిపి, మేనేజరు చేత నిజంగానే సంతకం చేయించుకున్నాడు.

రెండు గంటలకు ఆయన డ్యూటీ దిగింది. ఇద్దరం సైకిళ్ళ మీద బయలుదేరాం. సుల్తాన్‌పూర్ దగ్గర బురద ఎక్కువై సైకిళ్ళు దిగి నడిపించుకుంటూ పోతుంటే, కాక అడిగాడు.

“మీ నాయినకు చెప్తవా?”

“పుస్తకంల రాస్త, కాకా. నాయిన అడిగితే సదువుత.”

“రాయి.” ఇంకో పది అడుగులు నడిచాక అన్నాడు. “రాసేది రాయి గని, గట్టు మీద నిలబడి కాదు. ఇయ్యాల కాలువ కొసదాక వచ్చి రాయి. ఎన్నడన్న వచ్చినవా?”

ఎన్నడూ వెళ్ళలేదు. ఆరున్నరేళ్ళు రోజూ బావి గట్టు మీద గడియారం పట్టుకుని నిలబడినవాణ్ణి, కాలువ ఎక్కడ ముగుస్తుందో చూడడానికి ఒక్కసారి కూడా నడవలేదు. అవసరమనిపించలేదు. నా గళ్ళన్నీ నిండుతున్నాయి కదా.

ఆ వారం కరెంటు మధ్యాహ్నం. మేము చేరేసరికి నాయన బావి దగ్గరే ఉన్నాడు. నౌకరీ సంగతి చెప్పాను. ఆయన మోటారు డబ్బా మీద చెయ్యి ఆనించి, జోగిపేటకు ఉత్తరం రాయాలన్నాడు, అంతే. కాక దూరంగా తన సైకిలు చక్రాల బురద గీకుతున్నట్టు నటిస్తున్నాడు. కాక ఒప్పుకున్న సంగతి, కాలువ కొస సంగతి నాయనకు మెల్లగా చెప్పాను.

“కొస మడికి నీళ్ళు ఆలస్యం పోతయని నాకు తెల్వదా?” అన్నాడు నాయన.

నాకు ఒళ్ళు మండింది. మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని నిలదీశాను.

“నువ్వు అడగలె. గడి గియ్యలె. నువ్వు రాసిందంత మన దిక్కే ఉండె.” ఆయన తమ్ముడి వైపు చూడకుండా తమ్ముడికి వినబడేటట్టే అన్నాడు. “నేనెందుకు చెప్త?”

సైకిలు దగ్గర బురద గీకుతున్న చప్పుడు ఒక క్షణం ఆగి మళ్ళీ మొదలైంది. కాక భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడు. నాకు ఆ పూట అన్నదమ్ములిద్దరి మీదా కోపం వచ్చింది. ఇద్దరూ నా పుస్తకాన్ని తమ కొట్లాటకు వాడుకున్నారు, నిజం ఇద్దరికీ తెలుసు, తెలియనిది రాసేవాడికి ఒక్కడికే. కానీ ఆ కోపం ఎక్కువసేపు నిలవలేదని కూడా రాయాలి.

కరెంటు వచ్చింది. మొదటి వంతు కాకదే. సమయం రాసుకుని, పుస్తకం చంకలో పెట్టుకుని, నీటి కొనతోపాటు కాలువ వెంబడి నడిచాను. మా మడులు దాటేవరకు నీళ్ళు హుషారుగానే పోయాయి. తర్వాత నడక తగ్గింది. ఎలుకలు తవ్విన బొక్కల దగ్గర ఆగి, వాటిని నింపి, మళ్ళీ కదిలాయి. ఒకచోట కాలువ కుంగి పల్లమై ఉంది, అక్కడ చాలాసేపు నిలిచిపోయాయి. కాక ముందు నడుస్తూ పారతో గడ్డి తీస్తున్నాడు, కాలి వేలితో మట్టి అడ్డం తొలగిస్తున్నాడు. ప్రతిరోజూ ఇదంతా ఒక్కడే చేసుకున్నాడని, నేను గట్టు మీద నుంచి చూసినప్పుడు ఆయన ఆకాశం వైపు చూస్తున్నట్టు కనబడింది, అలసిపోయి నడుము నిటారు చేసుకోవడమని అప్పుడు తెలిసింది. చివరి మడిలో నీళ్ళు పడేసరికి నలభై రెండు నిమిషాలు పట్టింది.

అక్కడే గట్టు మీద కూర్చుని, కాక సంతకం గడికి పక్కన, అంచున మిగిలిన ఖాళీలో, స్కేలు లేకుండా, పార కర్ర ఆనించి, కొత్త గడి ఒకటి గీశాను. పైన ‘మడికి చేరిన సమయం’ అని, కింద ఆ సమయాన్ని, దాని పక్కన నలభై రెండు నిమిషాలని రాశాను. ఆ రోజు నుంచి వంతు లెక్క అక్కడి నుంచే అన్నాను. మూడు గంటలు నిండగానే కాకే లేచి వెళ్ళి నీళ్ళు మా వైపు మళ్ళించాడు. గడియారం చూపించవలసిన పని పడలేదు.

తిరిగి వచ్చాక పుస్తకం ఆయన ముందు పెట్టాను. జేబులో నుంచి డ్యూటీ కలం తీశాడు. సంతకం చేయబోయి, పాత పేజీలు తిప్పాడు. ‘కాక ఒప్పుకోలేదు’ అని ఉన్నచోటల్లా వేలు ఆనించి ఆగాడు. చదువు నాలుగో తరగతి వరకే అయినా ఆ రెండు మాటలు ఆయనకు బాగా తెలుసు.

“వీటి మీద గూడ దస్కతు ఏస్త తియ్యి,” అన్నాడు. “ఒప్పుకున్నగద.”

“వద్దు, కాకా. అవి ఆ రోజులవి. ఆ రోజు నువ్వు ఒప్పుకోలె.”

“ఆఫీసర్ అయినవ్ రా,” అన్నాడు. “ఇంక సోమవారం గూడ కాలె.”

ఆ రోజు వరుస మీద మాత్రం సంతకం చేశాడు. మా కాక సంతకం పెద్దది. గడిలో పట్టలేదు. చివరి అక్షరం తోక నేను కొత్తగా గీసిన గడిలోకి వచ్చి, నలభై రెండు నిమిషాల అంకె పక్కన ఆగింది.